నడివయసు మతిమరుపు: జఠరాగ్నికీ మేధకూ గల చుట్టరికము

“తల సంగతి చెప్పుకుందామని వస్తే మీరు నడుము కొలుస్తారేమిటండీ డాక్టరుగారూ?”

కొన్ని నెలల క్రిందట ఒక పెద్దమనిషి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు యాభై రెండేళ్లు. ప్రభుత్వ కార్యాలయములో లెక్కలు చూచే ఉద్యోగము. పదిమంది పేర్లు, ఇరవై ఫోను నంబర్లు నోటికి వచ్చే మనిషి. ఒక సంవత్సరముగా ఎదుటివారి పేరు నాలుక చివరకు వచ్చి ఆగిపోవుచున్నదట. తాళాలు చేతిలో పెట్టుకొని ఇల్లంతా వెదకుచున్నారట. మధ్యాహ్న భోజనము తరువాత కాగితాల మీద చూపు నిలువదట. సారస్వతారిష్టము ఇప్పించమని వచ్చినారు. వెళ్లబోవుచు గడప దగ్గర ఆగి, గొంతు తగ్గించి, అసలు మాట చెప్పినారు. “మా నాన్నగారు చివరి రెండేళ్లు నన్ను గుర్తుపట్టలేదండీ. నాకూ అదేనా?”

ఆ ప్రశ్నకు వెంటనే అవునని గాని కాదని గాని చెప్పగల వైద్యుడు లేడు. అయితే ఆ భయము వెనుక ఉన్న విషయమును తెలుసుకొనిన గృహస్థు చేయగల పని చాలా కలదు. అరవై ఏళ్లు దాటిన తరువాత కంటె నలభై, యాభై ఏళ్ల నడుమ చేయగలది ఇంకను ఎక్కువ. నడుము ఎందుకు కొలిచినానో ఈ పాఠములో వివరించెదను.

మెదడు తినే తిండి

మెదడు బరువు మన శరీరపు బరువులో సుమారు 2 శాతము మాత్రమే. కాని మనము కదలక కూర్చున్నప్పుడు శరీరము ఖర్చుచేయు శక్తిలో సుమారు 20 శాతము అదే వాడుకొనును. ఇంత ఖర్చు గల ఈ అవయవమునకు సొంత గాదె దాదాపు లేదు. కాలేయము వలె, కండరముల వలె పెద్ద నిల్వ చేసుకొనలేదు. రక్తము తెచ్చిన గ్లూకోజును ఎప్పటికప్పుడు వాడుకొనవలసినదే. ఏ పూట కూలి ఆ పూట తెచ్చుకొని వండుకొను ఇల్లు వంటిది మెదడు.

ఆ సరఫరాను నడిపించునవి హార్మోనులు. వినాళ గ్రంథులు, అనగా నాళములు లేని గ్రంథులు, నేరుగా రక్తములోనికి వదలు రసములే ఇవి. తిన్నది ఎక్కడికి పంపవలెను, ఎంత దాచవలెను, ఎప్పుడు ఆకలి వేయవలెను, ఏ వేగముతో ఖర్చు పెట్టవలెను అని శరీరమంతటికీ కబురు చేయునవి ఇవే. ఈ కబుర్లను కండరములు, కాలేయము మాత్రమే వినునని చాలాకాలము అనుకొనిరి. మెదడు కూడ వినునని ఇప్పుడు తెలిసినది. ఆ కబురు చెడినచో మెదడు పనియు చెడును.

ఇన్సులిన్: తూము పూడిన చేను

1921లో కెనడాలోని టొరంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అను ఇద్దరు క్లోమము నుండి ఇన్సులిన్‌ను వేరుచేసిరి. ఇది చక్కెర వ్యాధికి సంబంధించిన హార్మోను అని అందరికీ తెలుసు. మెదడులో కూడ ఇన్సులిన్‌ను అందుకొను గ్రాహకములు ఉన్నవని 1978లో ఎలుకల మీద జరిగిన పరిశోధన చూపినది. జ్ఞాపకములను కూర్చు హిప్పోకాంపస్ అను భాగములో అవి బాగుగా ఉన్నవి. మెదడు కణములలో అధికభాగము గ్లూకోజును లోనికి తీసుకొనుటకు ఇన్సులిన్ మీద ఆధారపడవు. అయినను కణమునకు కణమునకు మధ్య సంబంధము గట్టిపడుటకు, కొత్త విషయము నాటుకొనుటకు ఇన్సులిన్ తోడ్పడును.

పొట్ట పెరిగి, నడక తగ్గి, పూటపూటకూ తెల్లన్నము, తీపి, బేకరీ తిండి పడుచున్నప్పుడు కణములు ఇన్సులిన్ మాట వినుట తగ్గును. దీనినే ఇన్సులిన్ నిరోధము అందురు. అప్పుడు క్లోమము ఇంకను ఎక్కువ ఇన్సులిన్ వదలును. రక్తములో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నది కనుక మెదడుకు కూడ ఎక్కువ అందునని మనము అనుకొందుము. జరుగునది వేరు. రక్తము నుండి మెదడులోనికి ఇన్సులిన్‌ను చేరవేయుటకు ప్రత్యేకమైన వాహకములు కలవు. ఏళ్ల తరబడి రక్తములో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నచో ఆ రవాణా తగ్గిపోవును. ఊరి చెరువు నిండుగా ఉన్నను తూము పూడిపోయినచో చేనుకు నీరు అందదు కదా!

ఇంకొక సంగతియు కలదు. ఆల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకొను అమిలాయిడ్ అను పదార్థమును, ఇన్సులిన్‌ను విరిచివేయు ఎంజైములలో ఒకటి రెండింటికీ ఉమ్మడిది. ఇన్సులిన్ పని దానికి ఎక్కువైనచో అమిలాయిడ్ పని వెనుకబడునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. దీనికి తోడు అధిక చక్కెర సన్నని రక్తనాళములను దెబ్బతీయును. కంటిలోను, మూత్రపిండములోను జరుగు నష్టమే మెదడులోను జరుగును.

ఇందులో వయసు ముఖ్యము. బ్రిటనులో ప్రభుత్వోద్యోగులను దశాబ్దములుగా గమనించుచున్న వైట్‌హాల్ అధ్యయనపు ఫలితము ఒకటి 2021లో వచ్చినది. డెబ్బై ఏళ్ల వయసుకు పదేళ్లు లేక అంతకు ముందే చక్కెర వ్యాధి వచ్చినవారికి, ఆ వయసు వరకు అది లేనివారితో పోల్చినచో, బుద్ధిమాంద్య వ్యాధి సుమారు రెండింతలు కనబడినది. ఆ వయసుకు అయిదేళ్ల లోపల వచ్చినవారిలో అంత తేడా కనబడలేదు. చక్కెర ఎంత కాలము కాపురముండినదో అంత నష్టము అని దీని భావము. మన దేశములో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి, 13 కోట్ల మందికి పైగా దాని ముందుదశ ఉన్నవని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో తేల్చినది. ఈ రెండవ లెక్కలోని వారిలో చాలామందికి తమకు అది ఉన్నట్లే తెలియదు.

లెప్టిన్, గ్రెలిన్: చాలు అను మాట, ఆకలి అను మాట

కొవ్వు అనగా వాడని సామాను పెట్టిన అటక వంటిదని మనము తలచెదము. 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుని బృందము కొవ్వు కణముల నుండియే లెప్టిన్ అను హార్మోను వచ్చునని కనుగొనినది. కొవ్వు కూడ ఒక గ్రంథియే అని అప్పటి నుండి తెలిసినది. “నిల్వ చాలును, ఇక తినుట ఆపుము” అని మెదడుకు చెప్పునది లెప్టిన్. కడుపు నుండి పుట్టు గ్రెలిన్‌ను 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది “ఆకలి” అని చెప్పును. బానపొట్ట గలవారిలో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువ. ఎంత చెప్పినను మెదడు వినదు. ఇంటిలో రోజంతా అరచు పెద్దమనిషి మాట పిల్లలు వినకపోవుట వంటిదే ఇది.

నిద్రకు దీనితో గట్టి సంబంధము కలదు. 2004లో ఆరోగ్యవంతులైన పన్నెండుమంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రింపనిచ్చి చూచిరి. బాగుగా నిద్రించినప్పటితో పోల్చగా లెప్టిన్ 18 శాతము తగ్గినది, గ్రెలిన్ 28 శాతము పెరిగినది. వారు తీపిని, పిండివంటలను ఎక్కువగా కోరిరి. రాత్రి పన్నెండు వరకు టీవీ, ఫోను చూచువారు మరునాడు మిఠాయి డబ్బా మూత తీయుటకు కారణము నాలుక ఒక్కటే కాదు.

కార్టిజాల్: దిగని ఆందోళన

అధివృక్క గ్రంథుల నుండి వచ్చు కార్టిజాల్ ఆపదలో మనలను కాపాడును. పాము కనబడినప్పుడు అది పెరుగును. అది కాలేయము నుండి చక్కెరను రక్తములోనికి విడిపించును. పాము పోయిన తరువాత అది దిగవలెను. నడివయసులో పాము పోదు. ఇంటి అప్పు, కూతురి పెళ్లి, కుమారుని ఉద్యోగము, మంచములో ఉన్న తల్లిదండ్రులు, పైఅధికారి, ఇవి అన్నియు ఒకేసారి తలమీద కూర్చుండును. అప్పుడు కార్టిజాల్ పగలు రాత్రి తేడా లేకుండ ఎత్తుగా ఉండును. దానివలన చక్కెర పెరుగును, పొట్ట చుట్టు కొవ్వు చేరును, ఇన్సులిన్ పని మందగించును. హిప్పోకాంపస్‌లో కార్టిజాల్ గ్రాహకములు మెండుగా ఉన్నందున దాని దెబ్బ జ్ఞాపకము మీద నేరుగా పడును. 2018లో ప్రకటింపబడిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనములో రెండువేలమందికి పైగా నడివయసు వారిని పరీక్షించగా, ఉదయపు కార్టిజాల్ ఎక్కువగా ఉన్నవారి జ్ఞాపకశక్తి, మెదడు పరిమాణము కొంత తక్కువగా ఉన్నట్లు తేలినది. వారికి వ్యాధి లేదు. అయినను తేడా కనబడినది.

అవటు గ్రంథి, ఒక పొరపాటు

గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారములో ఉండు అవటు గ్రంథిని అందరు థైరాయిడ్ అందురు. శరీరము ఎంత వేగముతో శక్తిని వాడవలెనో నిర్ణయించునది దాని రసము. అది తగ్గినప్పుడు మెదడు కూడ మందగించును. మాట నెమ్మదించును, జ్ఞాపకము తప్పును, ఉత్సాహము పోవును. ఇది మందుతో కుదురుకొను మతిమరుపులలో ముఖ్యమైనది. అందుకనే ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పవలెను.

చాలా ఏళ్ల క్రిందట నలభై ఎనిమిదేళ్ల ఉపాధ్యాయిని ఒకరు నా వద్దకు వచ్చినారు. తరగతిలో పిల్లల పేర్లు మరచిపోవుచున్నానని, పొద్దస్తమానము నిద్రమత్తుగా ఉన్నదని, ఒళ్లు బరువెక్కినదని చెప్పినారు. నాడి చూచినాను. కఫ లక్షణములు కనబడినవి. బ్రాహ్మీఘృతము ఇచ్చి పథ్యము చెప్పి పంపినాను. నాలుగు నెలలు గడచినవి. ఆమె ఎంతో శ్రద్ధగా సేవించినారు, గుణము కనబడలేదు. “ఇంకొక మండలము చూడమ్మా” అన్నాను. ఆ మండలము పూర్తికాకమునుపే ఆమె కుమార్తె తల్లిని తీసుకొనిపోయి రక్తపరీక్ష చేయించినది. థైరాయిడ్ బాగా తగ్గియున్నది. మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు నెలలలో ఆమె తిరిగి మునుపటి మనిషి అయినారు. ఆ కాగితము తెచ్చి నాకు చూపినప్పుడు ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. అనియుంటే బాగుండును అనిపించినది.

గురుకులములో మా గురువుగారు, “రోగమును పరీక్షించిన తరువాతనే ఔషధము” అని మాకు రోజూ చెప్పెడివారు. నేను లక్షణమునకు ఔషధమిచ్చినాను, కారణమును వెదకలేదు. ఆ రోజు నుండి నడివయసులో మతిమరుపు అని వచ్చినవారికి రక్తపరీక్ష చూడక బ్రాహ్మి పేరు ఎత్తను.

స్త్రీలకు ప్రత్యేకముగా

మన స్త్రీలలో చాలామందికి నలభై అయిదు, యాభై ఏళ్ల మధ్య బహిష్టులు ఆగిపోవును. అప్పుడు ఈస్ట్రోజెన్ తగ్గును. మెదడు గ్లూకోజును వాడుకొనుటలో దానికి పాత్ర ఉన్నందున ఆ రెండు మూడు ఏళ్లు మాట తట్టకపోవుట, ఏకాగ్రత చెదరుట, ఒంటిలో ఆవిర్లు, నిద్ర పట్టకపోవుట సహజము. ఇది బుద్ధిమాంద్యము కాదు. ఎక్కువమందిలో ఆ దశ దాటిన తరువాత సర్దుకొనును. “అమ్మకు మతి పోయినది” అని ఇంటివారు నవ్వులాటకైనను అనరాదు. ఆమెకు కావలసినది నిద్ర, సాయము, ఒక రక్తపరీక్ష. హార్మోను మాత్రలు మెదడును కాపాడునని తలచి వయసు మళ్లిన తరువాత మొదలుపెట్టుట కూడ తగదు. అరవై అయిదేళ్లు దాటిన స్త్రీలలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చినప్పుడు బుద్ధిమాంద్యము తగ్గకపోగా పెరిగినదని 2003లో అమెరికాలోని పెద్ద అధ్యయనము చూపినది. ఆవిర్లకై నడివయసులో వాడుట వేరు విషయము. దానిని స్త్రీవైద్య నిపుణులు నిర్ణయించవలెను.

మన శాస్త్రము ఏమి చెప్పినది?

ఇన్సులిన్‌ను చరకుడు ఎప్పుడో చెప్పినాడు అని కొందరు వ్రాయుచుందురు. నేను అట్లు వ్రాయను. జఠరాగ్ని అనగా ఇన్సులిన్ కాదు, ఓజస్సు అనగా కార్టిజాల్ కాదు. రెండు శాస్త్రములు రెండు దారులలో నడచినవి. అయితే మన ఆచార్యులు రోగిని చూచిన చూపు ఎంత నిశితమైనదో తెలిసినచో ఆశ్చర్యము కలుగును.

ప్రమేహమునకు చరకుడు చెప్పిన కారణములలో మొదటివి తిండి కాదు. సుఖముగా కూర్చుండుట, సుఖముగా నిద్రించుట. ఆ తరువాతనే పెరుగు, కొత్తబియ్యము, బెల్లపు వంటకములు. కుర్చీలో ఎనిమిది గంటలు, సోఫాలో నాలుగు గంటలు గడుపు నేటి ఉద్యోగికి ఇంతకంటె సూటియైన మాట లేదు. ప్రమేహము ముదురక ముందు కనబడు పూర్వరూపములలో నోరు తీయగా ఉండుట, అరికాళ్లు అరచేతులు మంటలతో పాటు మత్తు, అతినిద్ర, సోమరితనము కూడ చెప్పబడినవి. అనగా మెదడు మందగించుట ప్రమేహము ముదురక ముందే గమనింపబడినది.

శార్ఙ్గధర సంహిత మనుష్యుని ఆయువును పదేసి ఏళ్లుగా విభజించి ఏ దశకములో ఏది తగ్గునో చెప్పినది. నాల్గవ దశకములో తగ్గునది మేధ. తొమ్మిదవ దశకములో తగ్గునది బుద్ధి. మేధ అనగా కొత్త విషయమును పట్టి నిలుపుకొను శక్తి. బుద్ధి అనగా మంచి చెడ్డలు తేల్చు వివేకము. నలభై నాటికి పేర్లు మరచుట మొదలైనను ఇంటిని నడుపు వివేకము ఎనభై వరకు నిలువగలదని ఆ విభజనలో ఒక ఓదార్పు కలదు.

చికిత్స విషయమునకు వచ్చినచో, సుశ్రుతుడు ధనములేని ప్రమేహరోగికి చెప్పినది చూడుడు. చెప్పులు, గొడుగు లేక ఊరూర భిక్ష చేయుచు నూరు యోజనములు నడవవలెను, లేదా బావి త్రవ్వవలెను. మందు కొనలేనివానికి శ్రమనే మందుగా ఇచ్చినాడు. నేడు మందు కొనగలవారికి కూడ ఆ మందు అవసరమే. 2011లో అమెరికాలో నూట ఇరవైమంది వృద్ధులలో కొందరిని సంవత్సరముపాటు నడిపించి చూడగా వారి హిప్పోకాంపస్ సుమారు 2 శాతము పెరిగినది. నడవనివారిలో అది కొంత తగ్గినది.

ఏ మతిమరుపు సహజము, ఏది కాదు?

తాళము ఎక్కడ పెట్టినారో మరచుట సహజము. తాళము దేనికో తెలియకపోవుట సహజము కాదు. పేరు మరచి సాయంత్రమునకు గుర్తు వచ్చుట సహజము. రోజూ వెళ్లు వీధిలో దారి తప్పుట, అడిగిన ప్రశ్ననే అరగంటలో నాలుగుసార్లు అడుగుట, చిరకాలముగా చేయు వంటలో వరుస తప్పుట, డబ్బు లెక్క తెలియకపోవుట సహజము కావు. తనకు మరపు వచ్చినదని తానే చెప్పుకొనువారికంటె, తనకు తెలియక ఇంటివారు గమనించినవారి విషయములో త్వరపడవలెను. మాట, నడక, ముఖము ఒక్కసారిగా మారినచో అది పక్షవాతము కావచ్చును. క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

చేయించుకొనవలసిన పరీక్షలు

నలభై దాటిన ప్రతివారు సంవత్సరమునకు ఒకసారి ఈ క్రిందివి చూపించుకొనుట మంచిది.

నడుము కొలత: మన దేశీయులలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. కొలత టేపు చాలును, ఖర్చు లేదు.

రక్తపోటు: నడివయసులో ఎక్కువైన రక్తపోటు మెదడుకు పెద్ద శత్రువు.

చక్కెర: మూడు నెలల సగటును చూపు హెచ్‌బీఏ1సీ 5.7 నుండి 6.4 వరకు ఉన్నచో ముందుదశ. 6.5 లేక అంతకు మించి ఉన్నచో మరల పరీక్షించి చక్కెర వ్యాధిగా నిర్ధారింతురు.

టీఎస్‌హెచ్: అవటు గ్రంథి పనితనమునకు.

విటమిన్ బి12: శాకాహారులకు, మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలముగా వాడువారికి ఇది తగ్గవచ్చును. దీని లోపము కూడ మతిమరుపు, కాళ్ల తిమ్మిరి తెచ్చును.

కొలెస్టరాల్, వినికిడి: 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము, మార్చుకొనదగిన పద్నాలుగు కారణములను సరిదిద్దినచో బుద్ధిమాంద్యపు కేసులలో సుమారు 45 శాతమును నివారించుట లేక వెనుకకు నెట్టుట సాధ్యమని అంచనా వేసినది. అందులో చక్కెర, రక్తపోటు, ఊబకాయము, వ్యాయామలేమి, పొగ, మద్యము, మనోవ్యాకులతతో పాటు చెడ్డ కొలెస్టరాల్, చెవుడు కూడ ఉన్నవి. చెవి వినబడకున్నను నామోషీపడి యంత్రము పెట్టుకొననివారు ఇది గమనించవలెను.

ఆహార విహారములు

1. కంచములో వరుస మార్చుడు. మొదట కూర, ఆకుకూర పప్పు, ఆ తరువాత అన్నము. కూర, పప్పు ముందు తిన్నచో అదే అన్నమునకు చక్కెర నెమ్మదిగా పెరుగును. కూర మునుపటికి రెండింతలు, అన్నము సగము ఉండవలెను.

2. ఒక పూట జొన్నరొట్టె గాని, కొర్రన్నము గాని, రాగిసంకటి గాని తినుడు. అవి చిరుధాన్యములు గదా అని మూడింతలు తినరాదు. రాగిజావలో బెల్లము కలిపినచో ప్రయోజనము పోవును.

3. రాత్రి భోజనము ఎనిమిదింటిలోపల, స్వల్పముగా. ఉదయపు కాఫీలో పంచదార తగ్గించుట ఒక నెల అలవాటు మాత్రమే. తరువాత నాలుకయే తీపి వద్దనును.

4. ప్రతి భోజనము తరువాత పది, పదిహేను నిమిషముల నెమ్మదైన నడక. రోజుకొకసారి ఒళ్లు వెచ్చబడునట్లు ముప్పది, నలుబది నిమిషముల నడక. వారమునకు రెండుసార్లు కండరములకు పని. నీళ్ల బిందె ఎత్తుట, గుంజీళ్లు తీయుట కూడ పనియే. తిన్న చక్కెరను అధికముగా మ్రింగునది కండరమే.

5. నిద్ర ఏడు గంటలకు తగ్గరాదు. 2021లో వెలువడిన వైట్‌హాల్ ఫలితములలో, యాభై ఏళ్ల నుండి డెబ్బై వరకు ఆరుగంటలు లేక అంతకు తక్కువ నిద్రించినవారికి బుద్ధిమాంద్యము సుమారు 30 శాతము ఎక్కువగా కనబడినది. గురక పెట్టుచు మధ్యమధ్య ఊపిరి ఆగువారు వైద్యునికి చూపించుకొనవలెను.

6. ఉదయము పది నిమిషముల ప్రాణాయామము, వారమునకు ఒకసారి నువ్వులనూనెతో అభ్యంగనము, మనసుకు నచ్చిన నలుగురితో మాట. భజన కావచ్చును, పద్యములు నేర్చుట కావచ్చును, మనుమలకు లెక్కలు చెప్పుట కావచ్చును. కొత్తది నేర్చుకొను మెదడు ఎక్కువకాలము నిలుచును.

ఇంటిలో చేసుకొనదగినవి

నిశామలకి: పెద్ద ఉసిరికాయ రసము రెండు చెంచాలు, చిటికెడు పసుపు కలిపి ఉదయము సేవించవలెను. ప్రమేహమునకు ఇది శ్రేష్ఠమని వాగ్భటుడు చెప్పినాడు. చక్కెర ఉన్నవారు తేనె కలుపరాదు.

మెంతులు: ఒక చెంచా మెంతులు రాత్రి నానబెట్టి ఉదయము నమిలి మ్రింగవలెను. పీచు ఎక్కువగా ఉన్నందున చక్కెర ఎక్కు వేగమును తగ్గించును.

సరస్వతి ఆకు పచ్చడి: గుప్పెడు సరస్వతి ఆకు, రెండు చెంచాల మినపపప్పు, రెండు ఎండుమిరపకాయలు కొద్ది నూనెలో వేయించి, చింతపండు, ఉప్పు చేర్చి నూరుకొనవలెను. వారమునకు రెండుసార్లు కూరవలె తినవచ్చును. కాలేయవ్యాధి గలవారు మానవలెను.

చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనములు మండూకపర్ణి అనబడు ఈ సరస్వతి ఆకు, అతిమధురము, తిప్పతీగ, శంఖపుష్పి. ఇవి గొప్పవే గాని స్వయముగా నెలల తరబడి వాడదగినవి కావు. అతిమధురము ఎక్కువైనచో రక్తపోటు పెరుగును, పొటాషియము తగ్గును. తిప్పతీగ వలన కొందరికి కాలేయము దెబ్బతినిన సందర్భములు కలవు. అశ్వగంధ థైరాయిడ్ మాత్రల మోతాదును తారుమారు చేయవచ్చును. వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

జాగ్రత్తలు

ఇన్సులిన్ గాని, చక్కెర మాత్రలు గాని, థైరాయిడ్ మాత్రలు గాని మీ అంతట మీరు ఆపరాదు. ఈ పత్రికలో చదివిన ఇంటిమందుతో వాటిని మార్చుకొనుట ప్రమాదము. చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడువారు వైద్యుని అడుగక ఏకాదశి ఉపవాసముండరాదు. చక్కెర మరీ పడిపోవుట కూడ మెదడుకు హాని. చెమటలు, వణుకు, తికమక మాటలు కనబడినప్పుడు అది మతిమరుపు అనుకొనక, రోగికి తెలివి ఉన్నచో మూడు నాలుగు చెంచాల పంచదార నీటిలో కలిపి ఇచ్చి, వెంటనే వైద్యుని పిలువవలెను. తెలివి తప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు, ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. చిరునామా లేని భస్మములు, మాత్రలు కొనరాదు. వాటిలో సీసము, పాదరసము, దొంగచాటుగా కలిపిన చక్కెర మాత్రల పొడి దొరకిన సందర్భములు ఉన్నవి.

ఒక్క సూదితో పని అయిపోవునని కూడ ఆశపడరాదు. చక్కెరకు, బరువుకు వాడు సెమాగ్లూటైడ్ అను హార్మోను తరహా మందు ఆల్జీమర్స్‌ను ఆపునేమో అని పెద్ద పరీక్షలు జరిగినవి. తొలిదశ వ్యాధి గలవారిలో అది వ్యాధి వేగమును తగ్గించలేదని 2025 నవంబరులో తేలినది. ఇల్లు అంటుకొనిన తరువాత నీరు పోయుటకంటె పొయ్యి దగ్గర జాగ్రత్త మేలు.

గుర్తుంచుకొనవలసినవి

మెదడు ఏ పూటకు ఆ పూట తిండి తెచ్చుకొను అవయవము. దానికి తిండిని నడిపించు హార్మోనులు చెడినచో ముందుగా మేధ మందగించును. నడివయసులో మతిమరుపునకు ఔషధము కంటె ముందు కారణమును వెదకవలెను. థైరాయిడ్, బి12, చక్కెర, నిద్ర, మనోవ్యాకులత వలన వచ్చినది సరిదిద్దదగినది. నడుము, నడక, నిద్ర, కంచము ఈ నాలుగు మన చేతిలోనివి.

మొదట చెప్పిన పెద్దమనిషి నడుము 102 సెంటీమీటర్లు, హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చినవి. థైరాయిడ్, బి12 సరిగానే ఉన్నవి. సారస్వతారిష్టము ఇవ్వలేదు. పై నియమములు వ్రాసి ఇచ్చినాను. ఆరు నెలల తరువాత నడుము 95కు, హెచ్‌బీఏ1సీ 5.8కు దిగినవి. “తాళాలు ఇప్పటికీ అప్పుడప్పుడు పోతూనే ఉన్నాయండీ. కానీ వెదకడానికి ఓపిక వచ్చింది” అని నవ్వినారు. ఆయన తండ్రిగారికి వచ్చినది ఆయనకు రాదని నేను మాట ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వలేరు. దాని దారిలో నాలుగు కంపలు అడ్డముగా వేసినాము, అంతే. ఈసారి నడుము కొలుచుటకు టేపు తీయగానే ఆయనయే లేచి నిలుచున్నారు.